గుంపు లేస్తే లేవనివ్వండి

పెరట్లో నాలుగైదు పెట్టెలు పెట్టుకునే కుటుంబాలకు తేనెటీగల పెంపకం ఎక్కడ నేర్పినా పాఠం ఒకే తీరుగా ఉంటుంది. గుంపు లేవకుండా చూసుకోవాలి. రాణి గదులు కనబడగానే తుంచెయ్యాలి. పూత ఉన్నన్నాళ్లూ తేనె తీస్తూనే ఉండాలి. నేనిక్కడ చెప్పేది దీనికి పూర్తిగా అడ్డం. గుంపు లేస్తే లేవనివ్వండి. రాణి గదుల జోలికి పోకండి. ఈగలు తిని మిగిల్చింది మాత్రమే మీది అనుకోండి. పెట్టె తెచ్చిన మొదటి ఏడు ఒక్క చుక్క కూడా తీయకండి. తెలిసినవాళ్లు వింటే తప్పుడు సలహా అంటారు. అననివ్వండి. పదేళ్ల తర్వాత కూడా ఆ పెరట్లో ఈగలు తిరుగుతూ ఉండాలంటే నాకు తెలిసిన దారి ఇదే.

ముందే ఒక హద్దు గీస్తాను. వందల పెట్టెలు లారీకెత్తుకుని పొద్దుతిరుగుడు చేలకూ ఆవ చేలకూ తిరిగేవాళ్లు ఇటాలియన్ ఈగతో పని చేస్తారు. వాళ్ల లెక్కలు వేరు, అప్పులు వేరు. నా మాట మన సొంత ఈగ గురించి. పుట్టల్లో, చెట్టు తొర్రల్లో, పాత గోడల బొరియల్లో పక్కపక్కనే అట్టలు కట్టుకుని చీకట్లో బతికే పుట్ట తేనెటీగ. శాస్త్రం పేరు ఏపిస్ సెరానా. అరకు, పాడేరు వైపు కాఫీ తోటల అంచున, వలిసె చేల పక్కన, ఇంటి వెనక చూరు కింద చెక్కపెట్టెల్లో పెంచేది దీన్నే. పెట్టెకు ఏడాదికి ఐదు నుంచి పది కిలోలు వచ్చాయంటే బాగా వచ్చినట్టు. ఇటాలియన్ ఈగ అంతకు మూడు నాలుగు రెట్లు ఇస్తుంది. ఆ అంకె మనసులో పెట్టుకుని ఈ ఈగను పిండబోతే ఇది ఊరుకోదు. ఒకరోజు చూసేసరికి పెట్టెలో ఈగ ఒక్కటీ ఉండదు.

అలా మొత్తం ఖాళీ చేసిపోవడం వేరు, గుంపు లేవడం వేరు. ఆకలికో, చీమలకో, మైనపు పురుగుకో, ఎండకో, మాటిమాటికీ మూత తీసి కెలికే మనిషికో తట్టుకోలేక ఈగలన్నీ గూడు వదిలేస్తాయి. అది నష్టం, అందులో మన తప్పు ఉంటుంది. గుంపు లేవడం కడుపు నిండిన పెట్టె చేసే పని. సగం ఈగలు పోతాయి, సగం ఉంటాయి. ఒక పట్టు రెండవుతుంది. మొదటిదాన్ని ఆపడానికి పెట్టాల్సిన శ్రమంతా రెండోదాన్ని ఆపడానికి పెట్టిస్తున్నారు, నా అభ్యంతరం అక్కడే మొదలవుతుంది.

రాణి గదుల జోలికి పోకండి

పూత బలంగా ఉండి మకరందం, పుప్పొడి పుష్కలంగా వస్తుంటే రాణి రోజుకు కొన్ని వందల గుడ్లు పెడుతుంది. పెట్టెలో పిల్లలుండే కింది అర నిండిపోతుంది. అప్పుడు ముందుగా పోతుటీగల గడులు కనిపిస్తాయి. చట్రాన్ని వెలుతురులో పట్టుకుని చూడండి. కూలి ఈగల గడుల మూతలు చదునుగా ఉంటాయి, పోతుటీగలవి ఉబ్బెత్తుగా ఉంటాయి. పుట్ట తేనెటీగలో ఆ ఉబ్బెత్తు మూత నడినెత్తిన సూదితో పొడిచినంత చిల్లు ఉంటుంది. ఇటాలియన్ ఈగ మూతకు ఈ చిల్లు ఉండదు. ఒక్కసారి చూస్తే మళ్లీ మరిచిపోరు. ఆ చిల్లులు వరసలుగా కనబడ్డాయంటే పెట్టె పెళ్లికి సిద్ధమవుతోందని అర్థం. కొత్త రాణులు రాబోతున్నాయి కనుకే మగవాళ్లను ముందే పెంచుకుంటోంది.

తర్వాత అట్టల కింది అంచున, నోరు నేలవైపు ఉండేలా రాణి గదులు వేలాడతాయి. గుడ్డుగా మూడు రోజులు, పురుగుగా ఐదు రోజులు, మూతపడ్డాక మరో వారం, ఎనిమిది రోజులు. దాదాపు 16 రోజులకు కొత్త రాణి బయటికి వస్తుంది. పాత రాణి అందాకా ఆగదు. మొదటి గదికి మూతపడ్డాక ఎండ కాసిన రోజు చూసుకుని, పెట్టెలో సగానికి పైగా ఈగల్ని వెంటబెట్టుకుని బయల్దేరుతుంది.

ఈ దశలో చాకు తీసుకుని గదులన్నీ కోసెయ్యమంటారు. కోస్తే ఏమవుతుందో చూడండి. ఈగలు మళ్లీ కడతాయి. మళ్లీ కొయ్యాలి. వారం తప్పకుండా పెట్టె విప్పి ప్రతి చట్రం అటూ ఇటూ తిప్పి చూడాలి. ఈగల గుత్తుల వెనక దాక్కున్న ఒక్క గది కంటబడకపోతే పడ్డ కష్టమంతా వృథా. పైగా ఈ ఈగకు కెలుకుడు గిట్టదు. గుంపు లేవకుండా కాపాడబోయి, ఉన్నదంతా గూడు వదిలి పోయేలా చేసుకున్న ఇళ్లు ఎన్నో ఉన్నాయి. అన్నిటికంటే ఘోరం ఇంకొకటి. గుంపు అప్పటికే వెళ్లిపోయిన సంగతి తెలియక మిగిలిన గదులు కోసేస్తారు. పాత రాణి లేదు, కొత్త రాణి రాదు, రాణిని పెంచుకోవడానికి లేత పిల్ల కూడా ఉండదు. పుట్ట తేనెటీగలో రాణి లేకపోతే కూలి ఈగలు త్వరలోనే తామే గుడ్లు పెట్టడం మొదలుపెడతాయి. వాటినుంచి పోతుటీగలే పుడతాయి. ఆ పెట్టె ఇక తేరుకోదు.

రాణి రెక్క కత్తిరించమని చెప్పేవాళ్లూ ఉన్నారు. కత్తిరించిన రాణి గుంపుతో పాటే బయల్దేరుతుంది. ఎగరలేక గుమ్మం ముందు నేల మీద పడుతుంది. రాణి లేదని తెలిసి గుంపు వెనక్కి వస్తుంది, నిజమే. కొన్ని రోజులకు కన్నె రాణి బయటికి వచ్చాక దాన్ని వెంటబెట్టుకుని మళ్లీ లేస్తుంది. పాత రాణిని చీమలపాలు చేసుకున్నాం, గుంపు ఎలాగూ పోయింది. గుమ్మానికి రాణి దూరలేని జాలీ బిగించడం ఇంకో పద్ధతి. అందులో లావుపాటి పోతుటీగలు ఇరుక్కుని చచ్చి దారి మూసుకుపోతుంది. ఉక్కపోత పెరుగుతుంది. నాకు ఈ మూడింటిలో ఏదీ నచ్చదు.

గుంపు లేవనివ్వడంలో ఉన్న లాభం పెద్దది. మనకు కొత్త రాణి పైసా ఖర్చు లేకుండా వస్తుంది. పాత రాణితోనే ఏళ్లు నెట్టుకొచ్చే పెట్టె రానురాను బలం తగ్గుతుంది. రెండో లాభం గురించి ఎవరూ మాట్లాడరు. కొత్త రాణి గది పగలగొట్టుకుని వచ్చి, మధ్యాహ్నపు ఎండలో ఎగిరి, పలు పోతుటీగలతో జతకట్టి, తిరిగొచ్చి గుడ్లు మొదలుపెట్టేసరికి దాదాపు మూడు వారాలు పడుతుంది. అంతకాలం పెట్టెలో కొత్త గుడ్డు ఉండదు. పిల్లల రోగాలకు ఆ ఎడమే కళ్లెం.

1991–92లో దక్షిణాదిని థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ తుడిచిపెట్టింది. పురుగు దశలో ఉన్న పిల్ల చర్మం లోపల నీరు చేరి, ముట్టుకుంటే చితికిపోయే తిత్తిగా మారి చచ్చిపోతుంది. పెట్టెల్లో నూటికి తొంభై దాకా పోయాయి. తరాలుగా ఈగలు పెంచిన ఇళ్లలో పెట్టెలు అటకెక్కాయి. దానికి మందు లేదు. రాణిని కొన్నాళ్లు చిన్న పంజరంలో పెట్టి గుడ్లు ఆపించమనే సలహాయే ఇప్పటికీ చెబుతారు. గుంపు లేచిన పెట్టెలో ఆ పని దానంతట అదే జరుగుతుంది. ఆ రోగానికి తట్టుకుని తొర్రల్లో, పుట్టల్లో, పెట్టెల్లో అక్కడక్కడ మిగిలిన కొద్దిపాటి పట్లే మళ్లీ పిల్లలు పెట్టి ఈ జాతిని నిలబెట్టాయి. మన పెట్టెల నుంచి లేచి అడవి చేరే ప్రతి గుంపూ ఆ నిలవలో చేరుతుంది. రేపు ఇంకో రోగం వస్తే మనం చేయి చాచాల్సింది అక్కడికే.

పెట్టెను మనమే రెండుగా విభజన చేసుకోవచ్చు కదా అంటారు. చేసుకోవచ్చు, పెట్టెలు అమ్ముకునేవాళ్లకు అదే సులువు. కానీ గుంపులో ఎవరు వెళ్లాలో ఈగలు తేల్చుకున్నంత బాగా మనం తేల్చలేం. మైనం కట్టగల వయసున్న ఈగలు, దారి తెలిసిన ఈగలు, పొట్ట నిండా తేనె పట్టిన ఈగలు కలిసి బయల్దేరతాయి. అందుకే కొత్త చోట దిగిన గుంపు తెల్లారేసరికి అట్ట మొదలుపెట్టేస్తుంది. ఉత్తర జర్మనీలో లూనెబర్గ్ బీడు భూముల పెంపకందారులు వందల ఏళ్లు గడ్డి బుట్టల్లో ఈగలు పెంచారు. వాళ్లు గుంపు లేచే ఈగలనే ఏరికోరి ఉంచుకునేవారు. వసంతంలో గుంపులు లేపి బుట్టలు పెంచుకుంటే వేసవి చివర హీదర్ పూత నాటికి బలగం సిద్ధం. గుంపు నష్టమనే మాట చట్రాల పెట్టె వచ్చాక పెరిగిందే కానీ అంతకుముందు పెంపకమంటేనే గుంపు.

ఒక్కచోట మాత్రం చేయి పెట్టమంటాను. మొదటి గుంపు లేచాక పెట్టెలో పది దాకా రాణి గదులు ఉండవచ్చు. అన్నీ వదిలేస్తే ఒక్కో కన్నె రాణి వెంట కొన్ని కొన్ని ఈగలు లేచిపోయి చివరికి పిడికెడు మిగులుతాయి. గుంపు వెళ్లిన సాయంత్రమో మర్నాడో ఒక్కసారి విప్పి, బాగా ఎదిగిన రెండు గదులు ఉంచి మిగతావి తీసెయ్యండి. ఉంచినవి ఉన్న చట్రాన్ని విదల్చకండి, తలకిందులు చెయ్యకండి. లోపలి రాణి రెక్కలు పాడవుతాయి. ఆ పైన మూడు వారాలు మూత ముట్టుకోవద్దు. గుమ్మం దగ్గర కూచుని చూస్తే చాలు. కాళ్లకు పుప్పొడి ముద్దలు పెట్టుకుని ఈగలు జోరుగా లోపలికి పోతున్నాయంటే కొత్త రాణి గుడ్లు మొదలుపెట్టిందనే ఎక్కువగా నమ్మవచ్చు.

లేచిన గుంపును చూడండి

ఉదయం పది దాటాక, ఎండ బాగా కాసినప్పుడు లేస్తుంది. రెండు మూడు రోజుల ముందు నుంచే గుమ్మం కింద ఈగలు గడ్డంలా వేలాడతాయి, మేతకు పోయేవి తగ్గుతాయి. ఒక్కసారిగా గుమ్మంలోంచి కుండ పగిలి నీళ్లు పోయినట్టు ఈగలు బయటికి వస్తాయి. పెరడంతా హోరు.

"అత్తా, ఈగ లేచింది, కంచాలు తే!" అంటుంది కోడలు.

"కంచాలెందుకే, పిల్లల్ని పిలువు, చూస్తారు" అనాలి అత్త.

కంచాలు కొట్టినా, దుమ్ము చల్లినా గుంపు దిగదు. పావుగంటలో తనే దగ్గర కొమ్మ మీద వాలుతుంది, ఎందుకంటే ఏ చోటికి పోవాలో అది ఇంకా తేల్చుకోలేదు. మనం కొట్టిన కంచం వల్ల దిగిందని అనుకుంటాం. గుంపులో ఉన్న ఈగలు మామూలుగా కుట్టవు. కాపాడుకోవడానికి పిల్లా లేదు, ఇల్లూ లేదు. పొట్టలు నిండి ఉన్నాయి. ఈగ కుడితే ఒళ్లంతా దద్దుర్లు వచ్చే మనిషి, ఊపిరాడని మనిషి ఇంట్లో ఉంటే వాళ్లను లోపలికి పంపి తలుపు వేయండి. మిగతావాళ్లు నాలుగడుగుల దూరంలో నిలబడి చూడవచ్చు.

చూడాల్సింది గుత్తి పైపొర. అక్కడ కొన్ని ఈగలు మిగతావాటి వీపుల మీదే అటూ ఇటూ ఊగుతూ నడుస్తుంటాయి. అవి ఇల్లు వెతికే ఈగలు. తేనెటీగ నాట్యాన్ని చదివినందుకు కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కు 1973లో నోబెల్ బహుమతిలో భాగం వచ్చింది. ఆయన శిష్యుడు మార్టిన్ లిండావర్ యుద్ధం ముగిశాక మ్యూనిక్‌లో ఒక గుంపు మీద నాట్యమాడే ఈగల ఒళ్లంతా మసి, ఇటుక పొడి అంటి ఉండటం గమనించాడు. పూల మీద వాలివచ్చిన ఈగలకు పుప్పొడి అంటుకోవాలి కానీ ఇటుక పొడి ఎలా అంటుతుంది? కూలిన ఇళ్ల సందుల్లో, పొగగొట్టాల్లో చోటు చూసి వచ్చినవి అవి. ఒక్కో ఈగ తను చూసిన చోటు దిక్కూ దూరమూ నాట్యంలో చెబుతుంది, ఇంకొన్ని వెళ్లి చూసి వస్తాయి, బాగున్న చోటుకు నాట్యం పెరుగుతుంది, బాగాలేని చోటుది సన్నగిల్లుతుంది. రాణికి ఇందులో మాట లేదు. చివరికి అందరి నాట్యం ఒకే దిక్కుకు తిరిగాక గుత్తి విడిపోయి లేస్తుంది. ఇది కళ్లముందు జరుగుతుంటే గోనెసంచి పట్టుకుని చెట్టెక్కడం నాకు మనసొప్పదు.

పెట్టెలో పెట్టుకోవాలనే ఉంటే, నేల మీద నిలబడి అందుకోగలిగిన కొమ్మ అయితేనే పెట్టుకోండి. సాయంత్రం చల్లబడ్డాక గుత్తి కింద పెట్టె పట్టి కొమ్మను ఒక్కసారి గట్టిగా కుదపండి. రాణి లోపల పడితే మిగతావి తామే దిగుతాయి. నిచ్చెన కావాల్సిన గుంపు అడవిది. అందుకోసం పడి కాళ్లూ చేతులూ విరగ్గొట్టుకోవద్దు.

పోయింది పోయినట్టు కాదు. ఈ ఈగ మేత చాలావరకు కిలోమీటరు అటూ ఇటూలోనే. కొండవార తొర్రలో చేరిన గుంపు మీ వలిసె చేనుకే వస్తుంది. వలిసెకు తన మొక్క పుప్పొడి తనకు పనికిరాదు, ఇంకో మొక్క నుంచి ఈగ మోసుకొస్తేనే గింజ కడుతుంది. కాఫీలో అరబికా రకం తన పుప్పొడితో తానే కాయగలదు. అయినా ఈగలు వాలిన కొమ్మలకు కాపు పెరుగుతుందని పనామాలోనూ ఇండోనేషియాలోని సులవేసిలోనూ చేసిన పరిశోధనల్లో తేలింది. మీ పెరట్లోంచి లేచిన గుంపు మీకు తేనె ఇవ్వకపోవచ్చు, గింజలూ పండ్లూ ఇస్తూనే ఉంటుంది.

ఖాళీ పెట్టె ఒకటి ఎప్పుడూ ఉండాలి. లోపల కాస్త పాత మైనం రుద్ది, నీడపట్టున, మనిషి ఎత్తుకు పైన, గుమ్మం చిన్నగా ఉంచి కట్టండి. పెట్టె లేకపోతే మూతి మూసి చిన్న చిల్లు పెట్టిన మట్టికుండ చాలు. పాత అట్ట లోపల పెట్టమంటారు కానీ ఈగ కాపలా లేని అట్టను మైనపు పురుగు నెల తిరక్కుండా తినేస్తుంది. మైనపు వాసన ఉంటే చాలు.

మొదటి ఏడు తేనె వద్దు

ఇక తేనె. ఇక్కడ నా సలహా ఇంట్లోవాళ్లకు అన్నిటికంటే కష్టంగా ఉంటుంది. పెట్టె కొన్నప్పుడు తేనె కోసమే కొన్నాం కదా. కానీ ఆ ఏడు ఈగలు అట్టలు కట్టాలి, పిల్లల్ని పెంచాలి, కొత్త చుట్టుపక్కలు నేర్చుకోవాలి. మైనం తయారుచేయడానికి అంతకు ఎన్నో రెట్ల బరువు తేనె తిని అరిగించుకోవాలి. మనం పై అర పెట్టి కంగారు పెట్టిన కొద్దీ కింది అర బలహీనపడుతుంది. ఒక్క ఏడు ఆగితే వానాకాలం దాటిన పెట్టె ఏదో, దాటలేనిది ఏదో కూడా తేలిపోతుంది.

రెండో ఏడు నుంచి పై అర తేనె తీసుకోండి, అదీ అంతా కాదు. కింది అరలో పిల్లల పైన, పక్కల్లో వంపుగా నిలవ చేసుకున్న తేనె మీద ఎప్పుడూ చేయి వెయ్యకండి. దక్షిణాదిన ఈ ఈగకు తగిన చిన్న పెట్టె 1911–17 మధ్య షెంబగనూరులో ఫాదర్ న్యూటన్ రూపొందించి ఎంతోమందికి పెంపకం నేర్పాడు. ఇవాళ్టికీ మనం న్యూటన్ పెట్టె అనేది దాన్నే. పిల్లలకు ఒక అర, తేనెకు ఒక అర అని విడదీయడమే ఆ పెట్టెలో ఉన్న మంచితనం. ఆ హద్దు దాటితే పెట్టె కొన్న ఉపయోగం పోతుంది, పట్టంతా పిండే పాత పద్ధతికే వెళ్లిపోతాం. కొండ తేనె తీసే గిరిజనులకు కూడా ఏజెన్సీలో ఇదే నేర్పుతూ వచ్చారు. పట్టు పైమూల తేనె ఉన్న భాగం కోసి, పిల్లలున్న భాగం బండకు వదిలెయ్యాలి. బండకు వేలాడే పట్టు దగ్గర పనికొచ్చిన మాట పెరట్లో పెట్టె దగ్గర ఎందుకు పనికిరాదు?

చట్రం నాలుగింట మూడొంతులు మూతపడితే తీయవచ్చని అంటారు. నేను ఒప్పుకోను. చట్రం మొత్తం తెల్లని మైనపు మూత పడాలి. ఈగలు మకరందంలో నీటిని ఆరబెట్టే తీరు చూస్తే మీరూ ఒప్పుకోరు. సాయంత్రం గుమ్మం ముందు వరసగా నిలబడి రెక్కలు విసురుతుంటాయి. ఇటాలియన్ ఈగ ముఖం గుమ్మం వైపు పెట్టి లోపలి గాలిని బయటికి లాగుతుంది. మన ఈగ ముఖం బయటికి పెట్టి బయటి గాలిని లోపలికి తోస్తుంది. రాత్రంతా ఆ పని సాగుతుంది. మన ప్రమాణాల ప్రకారం తేనెలో తేమ 20 శాతం దాటకూడదు. తేమ ఎక్కువైతే సీసాలో నురగ కట్టి పులుస్తుంది. కొలిచే పరికరం ఇంట్లో ఉండదు కనుక చట్రాన్ని అడ్డంగా పట్టుకుని ఒక్కసారి విదిలించండి. చుక్కలు రాలితే తిరిగి పెట్టెలో పెట్టి మూత వేయండి. వారం ఆగండి. వానాకాలపు గాలిలో తేనె తీయడం అసలే వద్దు.

వలిసె తేనె గురించి వేరే చెప్పాలి. అరకులో నవంబరు, డిసెంబరులలో కొండవాలులన్నీ పసుపెక్కేది ఈ పూతకే. వలిసె తేనె తొందరగా గడ్డకడుతుంది, సీసాలోనే కాదు, అట్టలోనూ. అందుకే గబగబా తిప్పేసుకోమంటారు. నేను చెప్పేది వదిలెయ్యమని. అట్టలో పలుకు కట్టిన తేనెను ఈగలు నీళ్లు తెచ్చుకుని కరిగించుకుని తింటాయి. పెట్టెకు దగ్గరలో లోతు లేని పళ్లెంలో గులకరాళ్లు వేసి నీళ్లు పోసి ఉంచండి, వాటికి మునిగిపోయే భయం లేకుండా నిలబడటానికి చోటుంటుంది. వలిసె నిలవ ఈగలకు, ఎండాకాలం మొదట్లో నేరేడు, కానుగ పూతల తేనె మనకు. ఇలా పంచుకుంటే ఎవరికీ లోటు రాదు.

తేనె అంతా తీసేసి వానాకాలంలో చక్కెర పాకం పోస్తే సరిపోతుందనే లెక్క నాకు నచ్చదు. పాకం ప్రాణం నిలబెడుతుంది, కాదనను. కానీ వానల్లో పాకం వాసనకు చుట్టుపక్కల ఈగలు దోపిడీకి దిగుతాయి, బలహీనమైన పెట్టె ఒక్క పూటలో పోతుంది. పూత మొదలయ్యాక కూడా పాకం పోస్తే అది తేనెలోకి చేరుతుంది, ఆ సీసా తేనె అని అమ్మడం కొనేవాళ్లను మోసం చేయడమే. తేనె అట్ట వదిలిపెట్టడానికి మించిన మేత లేదు. కింది అర తేనె తీసి పాకం పోయడం విత్తనపు గింజలు వండుకుని తిన్నట్టే.

నల్లబడ్డ పాత అట్టలు మాత్రం దాచుకోకండి. ఈ ఈగకు కొత్త అట్ట అంటే ఇష్టం, పాతదాన్ని తానే కొరికి రాల్చేస్తుంది. ఏటా ఒకటి రెండు తీసి కరిగించుకుంటే మైనం చేతికి వస్తుంది, మైనపు పురుగుకు చోటు తగ్గుతుంది. పెట్టె కాళ్ల కింద నీళ్ల గిన్నెలు ఎండిపోనివ్వకండి, చీమలకు ఆ ఒక్క అడ్డమే. పెట్టె విప్పేటప్పుడు పొగ కొద్దిగా చాలు.

లెక్క ఎలా రాయాలి? ఎన్ని కిలోలు వచ్చాయని రాస్తే మనిషి బుద్ధి కిలోల మీదికే పోతుంది. వానలు ఆగాక దసరా నాటికి ఎన్ని పెట్టెల్లో ఈగ ఉంది, ఎన్నిటిలో కొత్త రాణి ఉంది, ఖాళీ పెట్టెలో తనంత తాను వచ్చి చేరిన గుంపు ఉందా, ఇవి రాయండి. ఆ పుస్తకం మూడేళ్లు నడిపితే పక్కింటి తేనె డబ్బాలు చూసి కుళ్లుకోవాల్సిన పని ఉండదు. తక్కువ తేనెను ఎక్కువ ధరకు అమ్ముకోండి. అడవి తేనె కొనే గిరిజన సహకార సంస్థ 1956 నుంచి ఉంది, అడవి తేనెకు విశాఖ బజారులో గిరాకీ ఉందని అందరికీ తెలుసు. మీ తేనె ఏ పూతదో, ఏ నెలదో సీసా మీద రాసి ఇస్తే అడిగి కొనేవాళ్లు ఉంటారు.

చివరగా, ఊళ్లో గొడవలు తెచ్చేది ఒకటుంది. మీ పెట్టెలోంచి లేచిన గుంపు పక్కవాళ్ల చింతచెట్టు మీద వాలుతుంది. మాది అని గోడ దూకకండి. వాళ్ల చెట్టు ఎంచుకుంది, వాళ్లదే. వాళ్లకు ఈగల మీద మనసుంటే ఖాళీ పెట్టె ఒకటి చేతికివ్వండి. మీ బలమైన పెట్టెలోంచి మూతపడని పిల్లలున్న చట్రం ఒకటి తీసి, దాని మీది ఈగల్ని మెల్లగా దులిపి, రాణి దాని మీద లేదని రెండుసార్లు చూసుకుని ఆ పెట్టెలో నడిమధ్య పెట్టండి. సాయంత్రం గుంపును అందులోకి దింపాక, ఆకలిగా ఉన్న పిల్లల్ని వదిలి అది తొందరగా లేచిపోదు. మర్నాడు మీ పెట్టెలో ఖాళీ అయిన చోట కొత్త చట్రం పెట్టడం మరిచిపోకండి, లేకపోతే ఈగలు అక్కడ అడ్డదిడ్డంగా అట్ట కట్టేస్తాయి.